టెంక

బంగారుపాళ్యం దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
నలభై ఏడు ట్రాక్టర్లు.
బెంగళూరా కాయ ఎండకి వాడిపోతా ఉంది.
కాటా రూములో తెర మీద సున్నా.
ట్రాక్టరు ఎక్కినా సున్నా, దిగినా సున్నా.

రాత్రి ఎవురో అప్‌డేట్ ఒత్తేసినారు.
తెల్లారేసరికి కెర్నెల్ కొత్తది.
కాటా తీగ తగిలించే కార్డు మాత్రం
నేను కాలేజీలో ఉన్నప్పటిది.
పెండ్లిపందిట్లో పలకరించుకోని దాయాదుల మాదిరి
పక్కపక్కనే ఉండాయి రెండూ.

చిత్తూరు నుంచి బండి మీద అరగంట.
ఆ డ్రైవరు పుట్టింది కెర్నెల్ కడుపులోనే.
ఈ తూరి కట్టినోళ్ళు అక్కరలేదని వదిలేసినారు.
తిరగ కట్టుకోవాలంటే సోర్సు కావాల.

గ్రీమ్స్‌పేటలో, ఒంటి ఫ్యాను కింద,
మాకు నేర్పించిన వేలాయుధం సారు అనేవాడు:
"యూజర్ లోపల ఎస్సార్సీ అని ఒక అర ఉంటాదిరా.
సోర్సు అక్కడే. ఇంట్లో బియ్యం మాదిరి."

తెరిచి చూస్తిని.
హెడర్లు ఉండాయి.
ఏ తలుపు ఎటు తెరుచుకుంటాదో,
ఏ గడప ఎన్ని అంగుళాలో
అంతా రాసి ఉంది. ఇల్లు లేదు.
మాడ్యూల్స్ అరలో బిల్డ్ అని ఒక బాణం,
ఎర్రగా,
ఖాళీ అయిపోయిన ఊరికి దారి చూపించే బోర్డు.

సారు అబద్ధం చెప్పలా. ఆయన వాడిన లైనక్సు వేరే.
ఒకరు సోర్సుని మూట కట్టి అదే అరలో పెడతారు,
విప్పుకోవడం మన పని.
ఇంకొకరు లోపల కెర్నెల్స్ అని మళ్ళీ ఒక గది కడతారు.
వేరొకరు ఇంట్లో గింజ కూడా ఉంచరు,
గోడౌను చిరునామా రాసి
ఆ వరస ముందర హ్యాషు గుర్తేసి
దాని నోరు కట్టేసి ఉంటారు.
నాది ఆ మూడో ఇల్లు.

నోరు విప్పినాను.
సిగ్నలు లేదు.

ఫోను ఎత్తి పట్టుకోని వెనక్కి పోతే
టెంకల కుప్ప. మేడంత ఎత్తు. ఈగలు, పులిసిన వాసన.
దాని మీదకెక్కితే రెండు గీతలొచ్చినాయి.
కింద హంసవేణి గంప బోర్లిస్తా ఉంది,
మోచేతుల దాకా పసుపు.
"ఇదంతా ఏడికి పోతాదక్కా?"
"సగం బాయిలరుకి. సగం నర్సరీవాళ్ళు.
లారీ తెచ్చుకుంటే చాలు, దుడ్డు అడగరు."
"డబ్బాలో గుజ్జు కొనేవాడికి ఇది కావాలంటే?"
నన్ను ఎగాదిగా చూసింది.
"వాడెందుకు అడుగుతాడప్పా?
అడిగినాడే అనుకో, లేదనడానికి మనమెవురు?"

నూటా ముప్పై ఎంబీ.
టెంకల మీద కూర్చోని, గంటా పది నిమిషాలు.

విప్పితే, ఆ డ్రైవరు ఫైల్లో, నడిమధ్యన
ఎవురో ఎప్పుడో రాసిన మాట:
ఈ ఆలస్యం ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలియదు.
దయచేసి తీసేయకండి.
తీయలా.

అంటు కట్టేది నర్సరీలో చూసుంటాను.
మొదలు ఒకటి, కొమ్మ ఇంకొకటి,
కోత సరిపడకపోతే పట్టదు, అంతే.
ఇక్కడా అంతే. వెర్షన్లో చివరి అంకె తప్పింది,
ముఖం తిప్పుకునింది కెర్నెల్.
మళ్ళా కడితే, రెండున్నరకి, పట్టింది.

సోర్సుని సారు చెప్పిన అరలోనే పెట్టినాను.
వచ్చే ఏడు ఎవురొస్తారో.
గోడ మీద, కాయ రేటు కింద,
సుద్దముక్కతో దారి రాసినాను.

మొదటి ట్రాక్టరు చెంగల్రాయుడిది.
నాలుగు వేల మూడొందల పది.
"ఊర్లో తూకానికి మూడొందల తొంభై, నైనా,"
అన్నాడు, కోపం లేకుండా,
తడి తుండుగుడ్డ పిండుకుంటా.

ఆ ఎనభై కిలోలు
ఏ అరలో ఉండాయో
నేను చెప్పలేకపోయినాను.